మూడు పడవలు, యాభై రెండు గొర్రెలు

ఉదయం 6 గంటల 10 నిమిషాలు. గాలి లేదు. రేవులోని ఇనుప గుంజ నుంచి అవతలి గట్టున సున్నం కొట్టిన రాయి వరకు దూరం 1,840 మీటర్లు. పడవ పొడవు 11 మీటర్ల 20 సెంటీమీటర్లు, వెడల్పు 2 మీటర్ల 90 సెంటీమీటర్లు. బరువు కోసం ఎక్కించినవి నేరేడుచర్ల మిల్లు నుంచి అడిగి తెచ్చిన నలభై కిలోల వడ్ల బస్తాలు, నలభై ఐదు. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో 6 నిమిషాల 8 సెకన్లలో అవతలికి చేరాం. ఖర్చయిన డీజిల్ 1 లీటరు 400 మిల్లీలీటర్లు.

అదే రోజు మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు అదే పడవ, అదే దారి, దాదాపు అదే బరువు. బస్తాల బదులు యాభై రెండు గొర్రెలు, ఒక మేక, నలుగురు మనుషులు. ఈసారి 31 నిమిషాలు పట్టింది. డీజిల్ లెక్క నా దగ్గర లేదు. కొలిచే డబ్బా నీళ్లలో పడిపోయింది.

ఆ గొర్రెలు పెన్‌పహాడ్ మండలం నుంచి మందను తోలుకొచ్చిన యాదగిరి, సైదమ్మ అనే భార్యాభర్తలవి. వారికి పొలం లేదు. ఆ మందే వారి పొలం, వారి జీతం. ఆ ముప్పై ఒక్క నిమిషాల్లో కొంతసేపు అది, దానితోపాటు మేం నలుగురం, కృష్ణ నీళ్ల మీద ఒక వైపుకు ఒరిగి ఉన్నాం.

నేను పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. పడవల తనిఖీలోకి కొత్తగా వస్తున్న ఇంజనీర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఈ పనిలో ముఖ్యంగా ఏం నేర్చుకోవాలని అడుగుతున్నారు. నియమాల పుస్తకం వారి దగ్గర ఉంది. అందులో లేనిది ఈ రెండు ప్రయాణాల మధ్య తేడా. అది రాస్తున్నాను.

సూర్యాపేటలో పడవల పని

మా నాన్న కోదాడలో బడిపంతులు. నా చదువు కొంత అక్కడ, కొంత మిర్యాలగూడలో సాగింది. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇరవై రెండేళ్ల వయసులో, పడవల నిర్మాణం నేర్చుకోవడానికి తీరానికి వెళ్లినప్పుడు. ఉద్యోగం మాత్రం తిరిగి ఇక్కడికే తెచ్చింది. కృష్ణ మీద ఆనకట్టల వెనుక నిలిచిన నీటిలో తిరిగే మోటారు పడవలు మనుషులను ఎక్కించుకోవడానికి తగినవా కావా అని చూసి చెప్పడం నా పని. ఇల్లు సూర్యాపేటలో. మా వీధి ఆటో డ్రైవరు ఒకడు చాలాకాలం నన్ను ఆటపట్టించాడు.

"మేడం, మీరు పడవల ఆఫీసరంట గద. సూర్యాపేటల పడవలు యాడుంటయి, కొత్త బస్టాండ్లనా?"

"వానకాలం రానీ. మీ గల్లీకే తెస్తా," అన్నాను. ఆ ఏడాది వాన గట్టిగా పడ్డాక అతను ఆ ప్రశ్న మానేశాడు.

పడవను చూసేటప్పుడు అడగవలసినవి మూడు. అలల్లో ఎంత నిలకడగా ఉంటుంది, చుక్కాని తిప్పితే ఎంత మాట వింటుంది, కిలోమీటరుకు ఎంత డీజిల్ తాగుతుంది. మొదటి రెండింటికీ ఒక్క అంకెలో జవాబు చెప్పడం కష్టం. మూడోదానికి సులువు. కాగితం మీద అంకె ఉన్నదే గెలుస్తుంది. నా ఉద్యోగంలో సగం గొడవలు ఇక్కడే పుట్టాయి.

మూడింటి తేడా

కోదాడకు దక్షిణాన ఉన్న ఆ రేవులో పాత చెక్క లాంచీ అడుగు కుళ్లిపోయింది. దాన్ని ఆపేసి, కొత్తది కొనడానికి మూడు పడవలను తెప్పించారు. పత్తి ఏరడానికి, మిరప కోతకు వెళ్లే కూలీలు, అవతల పనిచేసే ఇద్దరు టీచర్లు, ఎండాకాలంలో గొర్రెల కాపరులు ఆ రేవు మీదే ఆధారపడతారు. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలంటే మందకు నాలుగు రోజుల నడక.

మూడూ ఒకే జాతివి. మా వృత్తిలో సెమీ డిస్‌ప్లేస్‌మెంట్ అంటాం. నాటు పడవ నీటిని తోసుకుంటూ పోతుంది. స్పీడ్ బోటు నీటి పైకి లేచి జారుతుంది. ఇవి నడుమ రకం: కొంత తోస్తాయి, కొంత లేస్తాయి. నాట్ల పొలంలో మోకాటి లోతు నీళ్లలో నడిచిన వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మెల్లగా నడిస్తే కాలు నీటిని తోసుకుంటూ పోతుంది, అలుపుండదు. పరుగెత్తాలంటే కాలు నీటిపైకి ఎత్తి వేయాలి. ఆ రెండింటి నడుమ వేగంలో కాలు ఎత్తాలి, నీటినీ తోయాలి. అలుపంతా అక్కడ ఉంటుంది.

పదకొండు మీటర్ల పడవకు గంటకు పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల దాకా తోసుడే. అది దాటితే వెనుక భాగం కుంగుతుంది, ముక్కు లేస్తుంది, డీజిల్ ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ఖర్చు పెరిగే ఆ దశను ఏ పడవ తక్కువ డీజిల్‌తో దాటుతుందన్నదే మా పోలిక.

వాటిని వాటి రంగులతోనే పిలిచేవాళ్లం. నీలం పడవ సన్నగా, గుండ్రటి అడుగుతో ఉండేది. ఇంజను ఒకటే. చిన్న అలల మీద మెత్తగా పోయేది, కొద్దిగా ఊగేది. తెల్ల పడవ వెడల్పు, అడుగు అంచులు కోణంగా ఉండేవి, ఇంజన్లు రెండు. నిలిచి ఉన్నప్పుడు నేల మీద ఉన్నట్టే ఉండేది. వేగం పెంచితే ప్రతి అలకూ దబ్బున కొట్టుకునేది. పచ్చ పడవకు గుండ్రటి అడుగే, కానీ మధ్య నుంచి వెనుక దాకా కింద ఒక నిలువు పలక ఉండేది. దానివల్ల తిన్నగా పోయేది. తిరగమంటే మాత్రం బద్ధకించేది. నీలం పడవ తిరగడానికి తీసుకున్న చోటుకు దాదాపు రెట్టింపు కావాలి దానికి.

ముగ్గురు అమ్మకందారులూ ఇచ్చిన డీజిల్ అంకెలను నేను చదివి పక్కన పెట్టాను. వారు అబద్ధం చెప్పారని కాదు. ఖాళీ పడవతో, పావు ట్యాంకుతో, ఒక్క మనిషితో కొలిచారు. అలాంటి ప్రయాణం మా రేవులో ఎన్నడూ జరగదు.

డబ్బా మీది గీతలు

డీజిల్ కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ట్యాంకును తప్పించి, గీతలు పెట్టిన ఐదు లీటర్ల డబ్బా నుంచి ఇంజనుకు గొట్టం పెట్టాలి. ఇంజను వాడుకోకుండా వెనక్కి పంపే డీజిల్‌ను కూడా అదే డబ్బాలోకి మళ్లించాలి. ఈ రెండో గొట్టాన్ని మరచిపోయి పడవ మీద లేని నింద వేసినవారు మా శాఖలోనే ఉన్నారు.

మొదటి రెండు రోజుల కొలతల్లో, గంటకు 18 కిలోమీటర్ల వద్ద, కిలోమీటరుకు నీలం పడవ 0.76 లీటరు తాగింది. పచ్చది 0.86. తెల్లది ఆ వేగంలో 0.98, ఇంకా వేగంగా వెళ్లినా పెద్దగా పెరగలేదు కానీ మాకు ఆ వేగం అక్కరలేదు.

పడవ నడిపింది నాగేశ్వరరావు. పాత లాంచీని ఇరవై ఏళ్లు నడిపినవాడు. కోదాడ అవతలి ఊరు, మాటలో కాస్త కోస్తా జీర. మూడో రోజు ఉదయం, నీలం పడవతో నేను పైన చెప్పిన మొదటి ప్రయాణం పూర్తయ్యాక అతను అన్నాడు.

"మేడం గారూ, బస్తాలు ఓ పది ముక్కు వైపుకి జరిపిద్దామా? ముక్కు లేవకుండా ఉంటే ఇంకా తక్కువ తాగుద్ది. పాతదాన్ని అలానే నడిపేవాణ్ణి."

జరిపించాం. అతని మాట నిజం. 0.76 కాస్తా 0.69కి తగ్గింది. వెనుక భాగం కుంగకుండా పడవ సమంగా లేచినందువల్ల అది జరిగింది. ఇందులో తప్పేమీ లేదు, సూత్రం అదే చెబుతుంది.

ఒడ్డున గొడుగు కింద మా పై అధికారి కూర్చుని ఉన్నారు. మేం పెద్దసారు అనేవాళ్లం. సూర్యాపేట మనిషి. గది నుంచి బయటికి వెళ్తూ ఫ్యాను ఆపని వారిని ఆయన ఆ రోజంతా గుర్తుపెట్టుకునేవారు. ప్రభుత్వపు డీజిల్ ఆయనకు సొంత డీజిల్ కన్నా ఎక్కువ.

"ఎంతొచ్చింది?"

"0.69 సార్. కానీ చుక్కాని కొంచెం తేలికైనట్టుంది. ఇంకోసారి గాలిలో చూడాలి."

"గాలి, అల గిట్ల మీరు రాస్తరు, నేను చదువుత. పైన కూసున్నోళ్లకు అర్థమయ్యేది ఈ అంకె ఒక్కటే. నీలంది రాసేయుండ్రి."

"ఇంకొక్క పరీక్ష ఉంది సార్. సంతకం తర్వాత పెడతాను."

ఆయన గడియారం చూసి, "సరే. ఇయ్యాలటితోని అయిపోవాలె," అన్నారు. ఆ ఒక్క పూట ఇచ్చినందుకు నేను ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఇవ్వని అధికారుల కింద కూడా పనిచేశాను.

మంద వచ్చింది

వరి కోతలయ్యాక అవతలి రైతులు పొలంలో గొర్రెల మందను రాత్రుళ్లు ఆపించుకుంటారు. ఎరువు కోసం. దీన్ని మంద పెట్టించడం అంటారు. యాదగిరి ఒక రైతుకు మాట ఇచ్చి ఉన్నాడు. ఆ సాయంత్రానికి మంద పొలంలో లేకపోతే ఆ రైతు మర్నాడు వేరేవారిని పిలుచుకుంటాడు, అక్కడి నుంచి ముందు ఊళ్లలో కుదిరిన పొలాలు కూడా ఒక్కొక్కటే చెయ్యి జారిపోతాయి. పాత లాంచీ ఆగిపోయిందని రేవుకు వచ్చాకే అతనికి తెలిసింది.

"సార్, నాలుగు దినాలు సుట్టు దిరిగితే గొర్రెలు ఆగమైతయి. గా కొత్త పడవల మమ్ముల అవతల ఎయ్యుండ్రి, మీకు పున్నెముంటది."

పెద్దసారు నావైపు తిరిగారు. "మీ పరీక్ష మిగిలుంది గద. బస్తాలకు బదులు వీళ్లను ఎక్కించుకోండ్రి. వాళ్ల పని అయితది, మన పని అయితది."

నాకూ సబబుగానే తోచింది. రేపు ఈ పడవ మోయవలసిన బరువు అదే కదా. వెంటనే, ఉదయం పూటే బయలుదేరదామన్నాను. యాదగిరి ఒప్పుకోలేదు.

"పొద్దుగాల ఆకలి మీదుంటయి మేడం, పడవల తన్నుకుంటయి. మేపుకొస్త. కడుపు నిండితే గొర్రె సప్పుడు సెయ్యదు."

అలా మధ్యాహ్నం అయింది. రేవులో గొర్రెలను ఎక్కించడానికి వారిదొక పద్ధతి. మంద ముందు నడిచే మేక ఒకటి ఉంటుంది, మెడకు గంట కట్టి ఉంటుంది. దాన్ని పడవలోకి నడిపించి ముక్కు దగ్గర కట్టేస్తే, ఆ గంట చప్పుడు వెంట గొర్రెలన్నీ తమంతట తాము ఎక్కుతాయి. దిగేటప్పుడు ముక్కే ముందు గట్టుకు తగులుతుంది కాబట్టి మేక దిగితే అన్నీ దిగుతాయి. బలవంతం లేదు, ఒక్కదాని కాలు విరగదు. సైదమ్మ ఆ మేకను తాడుతో పట్టుకుని ఎక్కించింది. గొర్రెలు దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి తలపెట్టి నిలబడ్డాయి. పడవ వెనుక సగం దాదాపు ఖాళీ.

నీటి నుంచి ముక్కు అంచు ఎత్తు కొలిచాను. ఉదయం బస్తాలు సమంగా ఉన్నప్పుడు 74 సెంటీమీటర్లు. ఇప్పుడు 51. కొన్నింటిని వెనక్కి నెట్టమన్నాను. యాదగిరి, నాగేశ్వరరావు కలిసి ఒక పదింటిని నెట్టారు. గంట మోగింది, పదీ ముందుకు వెళ్లిపోయాయి.

"పర్లేదు మేడం గారూ, ముక్కు బరువుంటే మనకి మంచిదేగా, పొద్దున చూశారుగా," అన్నాడు నాగేశ్వరరావు.

సైదమ్మ పడవ మధ్యలో అంచు పట్టుకుని కూర్చుంది. "ఓ పడవాయనా, నాకు ఈత రాదు. జర మెల్లగ వోనియ్యి."

"మీ ఆయనకి వచ్చా?"

"ఆయనకు గొర్రె మాటలొస్తయి గని ఈత రాదు."

అక్కడ ప్రతి ఒక్కరూ తమ పని ప్రకారం సరిగ్గానే చేశారు. డీజిల్ తగ్గాలని పడవ నడిపేవాడు ముందు బరువు కోరాడు. గొర్రెలు తొక్కుకోకూడదని కాపరి మేకను ముందు కట్టాడు, కడుపు నింపి మధ్యాహ్నం తెచ్చాడు. అధికారి నిజమైన బరువుతో పరీక్షించమన్నారు. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. నాలుగూ కలిసి ఒకే పడవ ఎక్కాయి.

నది నడుమ

ఎండాకాలం మధ్యాహ్నం ఆ నీటి మీద వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. మేం వెళ్లేది దక్షిణానికి. అంటే గాలి మా కుడి వెనుక నుంచి. ఆరేడు వందల మీటర్లు పోయేసరికి గాలి బలపడింది. అలల ఎత్తు అరవై సెంటీమీటర్లు, ఒక అల తల నుంచి ఇంకో అల తలకు సుమారు పది మీటర్లు. అది పెద్ద అల కాదు. ఎదురుగా వచ్చి ఉంటే నీలం పడవ దాన్ని లెక్కచేసేది కాదు.

సైదమ్మ మెల్లగా పోనిమ్మంది. నాగేశ్వరరావు కూడా జాగ్రత్తపడి వేగాన్ని గంటకు 14 కిలోమీటర్లకు తగ్గించాడు. ఎవరైనా అదే చేస్తారు. కానీ పది మీటర్ల పొడవున్న అల పరుగెత్తే వేగం కూడా గంటకు దాదాపు పద్నాలుగు కిలోమీటర్లే. 18 మీద పోతున్నంతసేపు మేం అలలను దాటుకుంటూ వెళ్లాం. 14కు వచ్చాక అలతో పాటే కదిలాం. బరువుగా ఉన్న ముక్కు ముందున్న అల వీపులో దిగి, అక్కడే ఉండిపోయింది. వెనుక భాగాన్ని వెనుక అల పైకి ఎత్తింది. చుక్కాని సగం నీళ్ల బయటికి వచ్చింది.

పడవ దానంతటదే కుడికి తిరగసాగింది. నాగేశ్వరరావు చుక్కానిని ఎడమ చివరిదాకా తిప్పాడు.

"తిరగట్లా మేడం. మాట వినట్లా," అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది.

పడవ అలకు అడ్డం తిరిగి ఎడమకు ఒరిగింది. బస్తాలైతే ఎక్కడివక్కడ ఉండేవి. గొర్రెలు ఒరిగిన వైపుకే జారాయి. దాంతో ఇంకా ఒరిగింది. ముక్కు అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. డీజిల్ డబ్బా, నా కుడికాలి చెప్పు, రెండు గొర్రెలు ఒకే ఊపులో నీళ్లలో పడ్డాయి. యాదగిరి వంగి ఒకదాన్ని ఉన్ని పట్టి లాగాడు. రెండోది అందలేదు.

"యాదగిరీ, కూసో," అని అరిచాను. తర్వాత అందరికీ వినపడేలా, "బరువు వెనక్కి పోవాలె. ముక్కు తేలితేనే పడవ తిరుగుతది," అన్నాను. గొర్రెలను ఎలా పంపాలో మాత్రం నాకు తెలియదు. నెడితే ఏం జరుగుతుందో ఒడ్డునే చూశాను.

సైదమ్మ అప్పటికే మోకాళ్ల మీద ముక్కు వైపు పాకుతోంది. మేక తాడు ముడి తడిసి బిగుసుకుంది. నడుముకున్న చిన్న కొడవలితో తాడు కోసింది. మేకను కొమ్ములు పట్టి, పడవ మధ్య గుండా, వెనక్కి ఈడ్చుకుంటూ వచ్చింది. గంట మోగుతూనే ఉంది.

"నడువ్, నీ పాడుగాను, నడువ్," అంటూ దాన్ని తిడుతూనే ఉంది.

గొర్రెలు ఒకటి తర్వాత ఒకటి దాని వెంట వచ్చాయి. పది దాటేసరికి ముక్కు కదలడం చూశాను. ఇరవై దాటేసరికి లేచింది. చుక్కాని నీటిలో దిగింది. మేక కాళ్లు ఇంజను పెట్టె మీద, గొర్రెలు దాని చుట్టూ, వాటి నడుమ సైదమ్మ. మొత్తం బరువు వెనుకనే ఉంది. డీజిల్ పొదుపుకు అంతకన్నా చెడ్డ అమరిక ఉండదు. పడవ తిన్నగా నిలబడింది.

"ఇప్పుడు వింటోంది," అన్నాడు నాగేశ్వరరావు.

వేగాన్ని గంటకు ఎనిమిది కిలోమీటర్లకు దించమన్నాను, అలలు మమ్మల్ని దాటుకుని పోయేలా. యాదగిరి, నేను బకెట్లతో నీళ్లు తోడుతూ ఉన్నాం. గాలితో పాటు కొంత దూరం కొట్టుకుపోయి, సున్నం రాయికి చాలా దిగువన గట్టుకు చేరాం.

యాదగిరి గొర్రెలను ఒక్కొక్కదాన్ని వీపు మీద చేత్తో తాకుతూ లెక్కపెట్టాడు. యాభై ఒకటి. మళ్లీ మొదలుపెట్టాడు. సైదమ్మ గట్టు మీద కూర్చుని కొంగు పిండుకుంటోంది.

"మల్ల లెక్కవెడితే ఎక్కువైతయా? మనుషులం నలుగురం ఉన్నమా లేమా, ముందు గది సూడు."

అతను ఆగి మా ముగ్గురినీ చూశాడు. తర్వాత నవ్వాడు. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చాడు. నాగేశ్వరరావు అతని పక్కన కూర్చుని బీడీ వెలిగించి ఇచ్చాడు. గట్టు మీది ఆ అరగంటలో ఉన్నంత తేలికగా నా మనసు ఉద్యోగంలో ఇంకెప్పుడూ లేదు. మంద నడుచుకుంటూ పొలానికి వెళ్లింది, చీకటి పడేలోగా చేరింది.

పెద్దసారు మాట

ఇవతలి ఒడ్డుకు తిరిగి వచ్చేసరికి పెద్దసారు మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ప్యాంటు మడవను కూడా లేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న డీజిల్ గురించి కాదు.

"ఆ ఆడమనిషి బాగున్నదా?"

"బాగుంది సార్."

ఒడ్డెక్కి ప్యాంటు పిండుకున్నారు. తర్వాత, "నీలందానికి 0.69 అని రాసిండ్రా?" అన్నారు.

"రాశాను సార్. పక్కన ముక్కు ఎత్తు, గాలి దిక్కు కూడా రాస్తాను. అవి లేకుండా ఆ అంకెకు అర్థం లేదు."

"రాయుండ్రి. పైనోళ్లు అడిగితే నేను జెప్పుకుంట."

ఆయన చెప్పుకున్నారు కూడా. పొదుపు మనిషి ఎక్కువ ఖర్చయ్యే పడవను కొనమని ఎందుకు పట్టుబడుతున్నాడని రెండు సమావేశాల్లో అడిగారట. ఆ మాట నాకు మరొకరి ద్వారా తెలిసింది, ఆయన నోట వినలేదు. ఆయన మీద నాకున్న ఫిర్యాదులు ఆయనకు తెలుసు, ఇక్కడ మళ్లీ రాయను. పై అధికారిని అతని అలవాట్లను బట్టి కాదు, కొత్త సంగతి తెలిసినప్పుడు ఎంతసేపట్లో మాట మార్చుకుంటాడన్న దాన్ని బట్టి అంచనా వేయండి.

తర్వాతి వారం

మిగతా రెండు పడవలను మధ్యాహ్నమే, గాలిలోనే, గొర్రెలతోనే పరీక్షించాం. యాదగిరి బంధువుల మంద ఒకటి అవతలికి వెళ్లవలసి ఉంది. ఈసారి ఒక్కొక్క ప్రయాణానికి ఇరవై గొర్రెలు, అందరికీ లైఫ్ జాకెట్లు, వెనుకనే ఇంకో పడవ. బంధువులకు తోడుగా వచ్చిన సైదమ్మ జాకెట్ చూసి, "గిది మొన్ననే ఇస్తే ఏమాయె మేడం?" అంది. సరైన ప్రశ్న. అప్పటి నుంచి నేను సంతకం పెట్టిన ఏ పరీక్షా జాకెట్లు లేకుండా జరగలేదు.

తెల్ల పడవ తిన్నగానే పోయింది. ఒరగలేదు. కానీ నది నడుమ వెనక్కి తిప్పి ఎదురు గాలిలో నడిపినప్పుడు ప్రతి అలకూ అడుగు దబదబా కొట్టుకుంది. గొర్రెలు మోకాళ్ల మీద పడ్డాయి. నా నడుము మూడు రోజులు నొప్పి పెట్టింది. గర్భిణులు, ముసలివాళ్లు ఎక్కే రేవులో అది పనికిరాదు.

పచ్చ పడవలో మేకను కావాలనే ముక్కు దగ్గర కట్టించాను. ముక్కు కుంగింది, చుక్కాని కొంత తేలికైంది, కానీ అడుగునున్న పలక వెనుక భాగాన్ని పక్కకు పోనివ్వలేదు. ఉదయం రేవులో తిప్పేటప్పుడు మమ్మల్ని విసిగించిన ఆ బద్ధకమే మధ్యాహ్నం పనికొచ్చింది. దాన్ని వేగంగా, నెమ్మదిగా, అలతో సమానంగా నడిపి చూశాం. ప్రతిసారీ మాట విన్నది. నాగేశ్వరరావు చుక్కాని వదిలి నమస్కారం పెట్టాడు, పడవకో నాకో తెలియలేదు.

నీలం పడవ చెడ్డది కాదు. ఆ తర్వాత దాన్ని గాలి తగలని ఒక చిన్న జలాశయంలో, మనుషులు కుర్చీల్లో కూర్చునే పనికి పెట్టారు. అక్కడ అందరికన్నా తక్కువ తాగుతూ బాగానే నడిచింది. పడవ మంచిదా అని అడగకండి. ఏ నీటిలో, ఏ పూట, ఏ బరువుతో అని అడగండి. ఆ బరువుకు కాళ్లున్నాయా అన్నది కూడా అడగండి. మనుషులు కూడా అంతే. అవతలి ఒడ్డు దగ్గరవుతుంటే అందరూ లేచి ముక్కు దగ్గరికి వస్తారు. బస్తాలతో పరీక్షించి మనుషులకు అనుమతి ఇస్తే, మనం పరీక్షించింది బస్తాలనే.

పచ్చ పడవలో మధ్య కంటే కొంచెం వెనుకగా ఒక ఇనుప కొక్కెం బిగించాం, మేకను కట్టడానికి. పై కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన అది దేనికని అడిగాడు. పడవ నిలకడ కోసమని చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

నేను విరమణ చేసే దాకా ఆ రేవులో అదే పడవ తిరిగింది. ఆ ఏళ్లన్నింటిలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఫోన్ మోగితే, గాలి ఎటు వీస్తోందో కిటికీలోంచి చూశాకే తీసేదాన్ని. చివరి రోజు కోదాడ ఆఫీసు తాళాలు ఇచ్చేసి సూర్యాపేటకు బస్సు ఎక్కినప్పుడు, ఇక ఆ ఫోన్ రాదని తెలిసి, మునగాల దాటేలోగా నిద్రపోయాను.

ఖర్చులు, నష్టాలు

నీలం పడవ బదులు పచ్చ పడవ కొన్నందుకు అదనపు డీజిల్: కిలోమీటరుకు 0.10 లీటరు. ముక్కు బరువుతో వచ్చిన అంకెతో పోలిస్తే 0.17.

పరీక్షల్లో తడిసిన వడ్ల బస్తాలు: నాలుగు. మిల్లు గుమాస్తా వాటి ధర వసూలు చేశాడు.

డీజిల్ కొలిచే డబ్బా: ఒకటి.

చెప్పు: ఒకటి. రెండోది తెచ్చుకున్నాను, ఎందుకో తెలియదు.

మేక తాడు: ఒకటి, కోసినది.

గొర్రెలు: ఎక్కినవి యాభై రెండు, దిగినవి యాభై ఒకటి. పోయినదాని ధర పెద్దసారు, నాగేశ్వరరావు, నేను కలిసి ఇచ్చాం.

మనుషులు: ఎక్కినవారు నలుగురు, దిగినవారు నలుగురు.